యూనిఫాం తీసేశాక రెండో ఉద్యోగం: చేసినవాళ్లు చెప్పండి

సిగ్నల్స్‌మ్యాన్
అందరికీ నమస్తే. వచ్చే ఏడాది 54 నిండుతాయి, కల్నల్‌గా రిటైర్ అవుతున్నాను. సికింద్రాబాద్‌లోనే ఉండిపోదామనుకుంటున్నాం. మూడు సందేహాలు. రిటైరయ్యే సైనికుల పునరావాసం చూసే డీజీఆర్ ద్వారా ఐఐఎంలలో చేసే 24 వారాల కోర్సు ఉద్యోగానికి నిజంగా పనికొస్తుందా? పెన్షన్ ఎంత కమ్యూట్ చేయాలి, అంటే ఎంత భాగం ముందే ఒకేసారి తీసేసుకోవాలి? మా ఆవిడకు బీఈడీ ఉంది. నా పోస్టింగుల వల్ల ఎక్కడా నిలకడగా పనిచేయలేకపోయింది. ఇప్పుడు తనకేం దారి ఉంటుంది?

దక్కన్ గన్నర్
కోర్సు సంగతి తర్వాత సార్, ముందు డబ్బు సంగతి చూసుకోండి. మనకు 50 శాతం దాకా కమ్యూట్ చేసుకునే వీలుంది, సివిల్ వాళ్లకు 40 శాతమే. అందుకు బదులుగా నెలనెలా పెన్షన్‌లో కోత 15 ఏళ్లు ఉంటుంది. అంటే 54లో చేస్తే 69కి గానీ పూర్తి పెన్షన్ మళ్లీ చేతికి రాదు. బంధువులంతా వద్దన్నా నేను పూర్తిగా 50 శాతం చేసి ఇంటి అప్పు ఒక్క దెబ్బతో తీర్చేశాను. అప్పు లేదు కాబట్టే నచ్చని ఉద్యోగాన్ని మొహమాటం లేకుండా వద్దనగలిగాను. ఎవరేమన్నా ఇదే సరైన పద్ధతి.

పద్నాలుగేళ్ల కెప్టెన్
పెన్షన్ ఉన్నవాళ్లు దాన్ని ఎలా వాడుకోవాలో మాట్లాడుకుంటున్నారు, సంతోషం. మా షార్ట్ సర్వీస్ వాళ్ల సంగతి ఎవరైనా అడిగారా? పదేళ్లు, పొడిగిస్తే 14. పెన్షన్‌కు 20 ఏళ్ల సర్వీసు కావాలి. పిల్లల చదువులు మొదలయ్యే వయసులో గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపేస్తారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003లో మొదలైతే, మాకు అందులో చోటు దొరికింది 2019లో.

నేను ఏఎస్‌సీ, అంటే సైన్యానికి సరుకులు చేర్చే ఆర్మీ సర్వీస్ కోర్. లడఖ్‌లో కనుమలు మంచుతో మూసుకుపోయేలోపు చలికాలమంతటికీ సరిపడా కిరోసిన్, బియ్యం, పప్పు, మందులు పైకి చేర్చాలి. ఒక్క లెక్క తప్పితే పోస్టులో ఉన్న జవాన్లకు పొయ్యి వెలగదు. ఆ పని చేసి వచ్చినవాణ్ణి. ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో రెజ్యూమె అటూ ఇటూ తిప్పి "గేటు సెక్యూరిటీ చూసుకుంటారా?" అని అడిగారు. లేచి వచ్చేశాను. ఇప్పుడు వేరే చోట నాలుగు గోదాములు నా కింద నడుస్తున్నాయి, దసరా సీజన్‌లో కూడా సరుకు ఆగదు.

హెచ్‌ఆర్ మూర్తి
ఈ రంగంలో తలపండినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేను ఉద్యోగంలోకి తీసుకున్న ఫౌజీ అధికారులు వందల్లో ఉంటారు. తప్పు కంపెనీది కాదు, రెజ్యూమెది. మొదటి పేజీ నిండా పతకాలు, యూనిట్ల పేర్లు, కోర్సుల పొట్టి పేర్లు ఉంటాయి. చదివేవాడికి ఏఎస్‌సీ అంటే ఏం తెలుస్తుంది? ఎంతమందిని నడిపారు, ఎంత విలువైన సరుకు మీ చేతిలో ఉంది, ఏ సమస్య ఎలా తీర్చారు, ఇవి రాయండి. ఐఐఎం కోర్సుతో ఆ భాష పట్టుబడుతుంది, అంతవరకు మంచిదే. అన్నిటికంటే ముఖ్యం, పేరు ముందు 'కల్నల్' తీసేయండి. దాన్ని చూడగానే ముప్పై ఏళ్ల మేనేజర్ జంకుతాడు.

దక్కన్ గన్నర్
మూర్తి గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. ర్యాంకు ఎవరో దయతలచి ఇచ్చిన బిరుదు కాదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేస్తూనే సైనిక, విద్యా గౌరవాలను మినహాయించింది. పేరు ముందు ర్యాంకు, పేరు తర్వాత రిటైర్డ్ అని రాసుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మేనేజర్ జంకితే ఆ జంకు పోగొట్టాల్సింది మీ హెచ్‌ఆర్ వాళ్లు.

హెచ్‌ఆర్ మూర్తి
రాసుకునే హక్కు లేదని ఎవరన్నారు? ఆఫీసులో లాభం లేదంటున్నాను. నేను చూసినంత మీరు చూడలేదు.

గోదారోడు
లాభం లేదా? ఎయిర్ డెక్కన్ పెట్టిన గోపీనాథ్ గారిని దేశమంతా కెప్టెన్ గోపీనాథ్ అనే పిలిచింది. సైన్యంలో ఉన్నది ఎనిమిదేళ్లే. బయటికొచ్చి వ్యవసాయం చేసి, 2003లో సామాన్యుడికి విమానం టికెట్ అందించారు. ర్యాంకు ఆయనకు ఎక్కడ అడ్డొచ్చింది?

నల్గొండ కుర్రాడు
మా ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు మిగ్ విమానాలు నడిపిన ఎయిర్‌ఫోర్స్ పైలట్. ఎమ్మెల్యే అయ్యారు, ఎంపీ అయ్యారు, మంత్రి అయ్యారు. జనం ఆయన ర్యాంకు చూసి ఓటేశారా? జనంలోకి వచ్చాక జనం పనే చూడాలి.

గోదారోడు
అయితే పంజాబ్‌లో అమరీందర్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నన్నాళ్లూ కెప్టెనే. ఖండూరీ గారు మేజర్ జనరల్‌గానే ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు, అంతకుముందు వాజ్‌పేయి గారి హయాంలో రహదారుల శాఖ చూశారు. పని చేసి చూపించారా లేదా అన్నదే లెక్క.

పద్నాలుగేళ్ల కెప్టెన్
రాజకీయాల్లోకి వెళ్లడం తప్పు కాదు. పోస్టర్ మీద సైనికుల బొమ్మలు వేసి ఓట్లడగడం మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. పార్టీలు అలా చేయొద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019లో మళ్లీ గుర్తుచేసింది. ఈ ఫోరంలోనే ఎన్నికలప్పుడు అలాంటి పోస్టర్లు పెట్టినవాళ్లున్నారు.

గోదారోడు
ఎవర్ని అంటున్నావ్? నేను పెట్టింది మా ఊరి స్మారక స్తూపం ఫొటో. పార్టీ పోస్టర్ కాదు. నోరు అదుపులో పెట్టుకో.

మోడరేటర్
ఇద్దరూ ఇక్కడితో ఆపండి. పార్టీల చర్చకు వేరే విభాగం ఉంది.

వైజాగ్ నేవీ ఇల్లాలు
ఇంతమంది ఇంత రాశారు, ఆయన భార్య గురించి అడిగిన ప్రశ్నను ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలేదు. ఇది చదివి నాకు చాలా కోపంగా ఉంది. మావారికి రిటైరైన వెంటనే పాత పరిచయాలతో పోర్టు పనుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. నేను ఎమ్మెస్సీ, బీఈడీ. కొచ్చి, ముంబై, పోర్ట్ బ్లెయిర్, ఎక్కడికి వెళ్లినా కొత్త స్కూలు, కొత్త జీతం, సీనియారిటీ మళ్లీ సున్నా నుంచి. వైజాగ్‌లో ఒక ప్రిన్సిపాల్ నా ఫైలు చూసి "ఎక్కడా రెండేళ్లు మించి నిలవలేదేంటమ్మా?" అన్నారు. నా భర్తను దేశం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాను సార్ అని చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు.

సిగ్నల్స్ సార్, మేడమ్‌కు చెప్పండి. పాత స్కూళ్లన్నిటి నుంచి అనుభవ ధ్రువపత్రాలు ఇప్పుడే తెప్పించుకోవాలి. ప్రిన్సిపాల్ మారితే పాత రికార్డు వెతికి ఇచ్చేవాళ్లుండరు. పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే నంబరు కిందికి తెచ్చుకోవాలి. టెట్ పాసై ఉంటే 2021 నుంచి దాని చెల్లుబాటు జీవితకాలం, మళ్లీ రాయక్కర్లేదు. నేను ఇప్పుడు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను, సొంత బ్యాచ్‌లు. నా పిల్లలు ఐఐటీలో సీట్లు తెచ్చుకున్నారు.

సిగ్నల్స్‌మ్యాన్
మేడమ్, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. ధ్రువపత్రాల కోసం రేపే మెయిళ్లు మొదలుపెడుతోంది.

దక్కన్ గన్నర్
ర్యాంకు విషయంలో మాత్రం నా మాట మారదు.

నాన్న కూతురు
మా నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. కల్నల్ సంతోష్ బాబు గారు గల్వాన్‌లో అమరులయ్యాక 2020లో తెలంగాణ ప్రభుత్వం ఆయన భార్యను డిప్యూటీ కలెక్టర్‌గా నియమించింది. ఎంత మంచి పనో చెప్పలేను. అన్ని ఇళ్లకూ అది అందదు. శౌర్య పతకం భత్యం తీసుకునే వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే, భర్త సోదరుణ్ణి చేసుకుంటేనే భత్యం కొనసాగుతుందనే షరతు 2017 దాకా ఉండేది. తీసేయడానికి అంతకాలం పట్టింది.

కొత్తగా రిటైరయ్యే వాళ్లందరికీ ఒక మాట. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. సర్వీసు రికార్డులో అది చివరికి వెళ్తుంది, ఆధార్‌లో ముందుంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంగా మిగులుతుంది. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మారితే ఇంకో రూపం. అమ్మ పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉందని ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగింది. మా నాన్న చేసిన సర్వీసు ఎవరూ కాదనలేదు, ఈ అమ్మ ఆయన భార్యేనా అని మాత్రం అడిగారు. మీరు యూనిఫాంలో ఉండగానే, కుటుంబ వివరాలు సర్వీసు రికార్డుకెక్కే పార్ట్ టూ ఆర్డర్‌లో భార్య పేరు, పుట్టినతేదీ సరిచూసుకోండి. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అదే పీపీఓ, చేతికి రాగానే ఆ పేజీ ఆమెతోనే చదివించండి.

గోదారోడు
అమ్మా, మా బావగారు హవల్దార్‌గా రిటైరయ్యారు. మా అక్క పేరు పీపీఓలో తప్పు పడింది. ఇప్పుడు మార్చే వీలుందా?

నాన్న కూతురు
ఉంది అన్నా. బావగారు ఉండగానే చేయించండి, ఆయన సంతకంతో పని తేలిక. ఆధార్, పెళ్లి రుజువు, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ పట్టుకుని ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడి నుంచి ఆయన రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు పంపిస్తారు. పంపిన లెటర్ నంబరు అడిగి రాసుకోండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.