టీనేజ్ పిల్లలకు మోకాలి ఆపరేషన్: నరం బ్లాక్ వేయించాలా, వద్దా?

కబడ్డీ అమ్మాయి తల్లి:
మా అమ్మాయికి 16 ఏళ్లు. కబడ్డీలో పట్టు విడిపించుకోబోయి మోకాలు మెలిపడి, లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగింది. వచ్చే వారమే ఆపరేషన్. తర్వాత నొప్పి తెలియకుండా తొడ నరానికి బ్లాక్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. ఎదిగే పిల్ల, కాలి బలం తగ్గిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవచ్చా?

ఫిజియో:
నేనైతే వద్దంటానండీ. గజ్జ దగ్గర ఇచ్చే ఫెమొరల్ బ్లాక్ నొప్పితో పాటు తొడ ముందు కండరాన్నీ మొద్దుబారుస్తుంది. మోకాలిని చాపేది ఆ కండరమే. ఆపరేషన్ తర్వాత అది ఎలాగూ సన్నబడుతుంది, మళ్లీ నిలబెట్టడానికి నెలల తరబడి కష్టపడతాం. 2015లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఇదే ఆపరేషన్ అయిన పిల్లలు, టీనేజర్ల రికార్డులు చూశారు. ఈ బ్లాక్ తీసుకున్నవాళ్లకు 6 నెలల తర్వాత కూడా కాలి బలం, తీసుకోనివాళ్లకంటే తక్కువే ఉంది. ఒక్క రాత్రి నొప్పి కోసం పిల్ల ఆటను పణంగా పెట్టొద్దు.

మత్తు డాక్టర్:
ఆ పరిశీలన నాకూ తెలుసు. పాత రికార్డులతో చేసింది కాబట్టి తప్పు బ్లాక్‌దేనని తేల్చలేం. అలాగని తీసిపారేయను. అందుకే పిల్లలకు నేను అడక్టర్ కెనాల్ బ్లాక్ ఇస్తాను. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, గజ్జకు బాగా కిందుగా, తొడ లోపలివైపు. కండరాలకు వెళ్లే కొమ్మలు చాలావరకు పైనే విడిపోతాయి. అక్కడ మిగిలేది ఎక్కువగా స్పర్శ నరమే. కానీ ‘ఒక్క రాత్రి’ అన్నారే, అది ఒప్పుకోలేను. నొప్పితో అల్లాడిన పిల్ల మర్నాడు కాలు ముట్టుకోనివ్వదు. బ్లాక్ లేకపోతే మార్ఫిన్ లాంటి మందులు పెంచాల్సి వస్తుంది, వాటితో వాంతులు, మగత.

డిగ్రీ కుర్రాడు:
నాకు నిరుడు అడక్టర్ బ్లాకే ఇచ్చారు. సాయంత్రం దాకా హాయిగా ఉంది కదా అని మాత్రలు వేసుకోలేదు. రాత్రి 2 గంటలకు మత్తు దిగిపోయింది. తెల్లవారేదాకా ఏడ్చాను. ముందే వేసుకోమని ఎవరూ చెప్పలేదు. తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టడానికి గ్రాఫ్ట్ (నా కాలి నుంచే తీసిన కండర తాడు) తీసిన చోట, తొడ వెనక నొప్పి అయితే మొదటినుంచీ ఉంది.

మత్తు డాక్టర్:
తమ్ముడు చెప్పింది నిజం. కాలి వెనకభాగానికి ఈ బ్లాక్ అందదు. మత్తు సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో వదులుతుంది. అది వదలకముందే, రాసిచ్చిన మాత్రలు టైముకు మొదలుపెట్టాలి.

ఫిజియో:
అడక్టర్ అయితే అడ్డు చెప్పను. ఫెమొరల్‌కు మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

తల్లి:
మాకు ‘తొడ నరం’ అని మాత్రమే చెప్పారు. ఏ బ్లాకో రేపు అడుగుతాను. ఆ రాత్రి బాత్రూమ్‌కి నడవగలదా డాక్టర్ గారూ?

మత్తు డాక్టర్:
వాకర్ ఉన్నా ఒంటరిగా పంపకండమ్మా. తిమ్మిరి పూర్తిగా పోయేదాకా పక్కన మనిషి ఉండాలి.