సమస్య: గుఱ్ఱ మోడిపోయె గోవు గెలిచె

నిర్వాహకుడు: సూపర్ కార్లలో అన్నిటికన్నా గొప్పది ఏదని తిరుపతిలో కాఫీ దగ్గర మొదలైన వాదన మూడు రోజులైనా తెగలేదు. అందుకే ఆటవెలది పద్యానికి అప్పగిస్తున్నాను: పై సమస్యే చివరి పాదంగా పూరించండి. ఫెరారీ గుర్తు గుర్రం, లంబోర్గినీ గుర్తు ఎద్దు. గో శబ్దం సంస్కృతంలో ఎద్దుకూ చెల్లుతుంది కనుక నన్ను తప్పుపట్టవద్దు.

చంద్రగిరి మాస్టారు:

దుక్కి దున్ను బండి తొలినాళ్ళ మలచిన
రైతుబిడ్డ కట్టె రథము నొకటి;
వెనుక నడ్డ మునిచె పెనుయంత్ర మచ్చట;
గుఱ్ఱ మోడిపోయె గోవు గెలిచె.

ట్రాక్టర్లు చేసిన ఫెరూచియో లంబోర్గినీ కథ ఇది. 1966లో వచ్చిన ఆయన కారు మియురాలో పన్నెండు సిలిండర్ల ఇంజను సీట్ల వెనుక అడ్డంగా ఉంటుంది. సూపర్ కారు అన్న మాటకు అర్థం అక్కడే మొదలైంది.

నిర్వాహకుడు: 'అచ్చట' గణం నింపడానికి వచ్చింది మాస్టారూ. 'పెనుయంత్ర మొడుపుగ' అంటే సరిపోతుంది.

చంద్రగిరి మాస్టారు: ఒప్పుకున్నాను. దిద్దుకుంటాను.

చిత్తూరు తమ్ముడు:

పాట లేదు, కింద పఱపు లేదైనను
పరుగు పెట్ట గాలి వణకిపోవు;
కలను గాక యెట్లు కననౌను లోకాన
"గుఱ్ఱ మోడిపోయె గోవు గెలిచె"?

1987 నాటి ఫెరారీ ఎఫ్40. రేడియో లేదు, తివాచీ లేదు. సంస్థ స్థాపకుడు ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన చివరి గుర్రం.

నిర్వాహకుడు: ఒక్క అక్షరం కదపకుండా సమస్యను ప్రశ్నగా తిప్పేశావు, భేష్. గాలి వణకడం మాత్రం అరిగిపోయిన అతిశయోక్తి. ఆ కారు తలుపుకు లోపల పిడి ఉండదు, లాగడానికి ఒక తీగ ఉంటుంది. అలాంటిది పద్యంలోకి వస్తే ఎంత బాగుండేది! ఇక నా పక్షపాతం చెప్పేస్తాను: మెక్లారెన్ ఎఫ్1 కారు. నడిపేవాడు నడుమ, చెరో పక్క ఒకరు. ఇంజను వేడిని వెనక్కి కొట్టడానికి దాని గదికి బంగారు రేకు. 1998లో గంటకు 386 కిలోమీటర్లు, అదీ ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో లేకుండా. చేసినవి 106. పాపం, దానికి నాలుగు కాళ్ళ గుర్తు లేదు, నా సమస్యలో నాకే చోటు లేకపోయింది.

తిరుచానూరు అక్కయ్య:

ఆవు పండుకొనియె నలిపిరి దారిలో;
హారనెంత మోగ నదర దయ్యె;
రెండు నూర్ల మైళ్ళ దండి వేగముగల
గుఱ్ఱ మోడిపోయె గోవు గెలిచె.

పలమనేరు మిత్రుడు: మూడో పాదంలో యతి తప్పింది. 'రె'కు 'ద' ఎలా కుదురుతుంది?

చంద్రగిరి మాస్టారు: రెండు, దండి. రెండో అక్షరాలు కలిశాయి, ప్రాసయతి నాయనా. పాదం విరగకుండా సమస్యలోకి జారిపోవడం చూడు. నా మియురాను వెనక్కు తీసుకుంటున్నాను.

చిత్తూరు తమ్ముడు: అలిపిరిలో ఫెరారీని ఎప్పుడు చూశారు అక్కయ్యా?

తిరుచానూరు అక్కయ్య: ఫెరారీ కల్పన. ఆవు నిజం. నా స్కూటరు ముందే పడుకుంది.

పలమనేరు మిత్రుడు: మరి లేచిందా?

తిరుచానూరు అక్కయ్య: అరటిపండు ఇచ్చాక.