ఆర్లింగ్టన్‌లో ఒకే ఒక్క మ్యాచ్: సాకరా, అమెరికన్ ఫుట్‌బాలా?

తెనాలి_టు_టెక్సాస్:
అందరికీ నమస్కారం. అమ్మానాన్న మే నెలలో వస్తున్నారు, అక్టోబరు చివరిదాకా ఉంటారు. నాన్నకి క్రికెట్ అంటే ప్రాణం, మిగతా ఆటలు కుదురుగా కూర్చుని చూసింది లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆర్లింగ్టన్ స్టేడియంలో జూన్‌లో వరల్డ్ కప్ సాకర్ మ్యాచ్‌లు ఉన్నాయి, సెప్టెంబరు నుంచి అక్కడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ సీజన్ మొదలవుతుంది. రెండింట్లో ఒక్కదానికే డబ్బు సరిపోతుంది. కొత్తగా చూసేవాళ్లకి ఏది బాగుంటుంది? ఎక్కువ మెట్లు ఎక్కకుండా సీటు దొరుకుతుందా? పెరుగన్నం డబ్బా లోపలికి రానిస్తారా? చూసొచ్చినవాళ్లు చెప్పండి.

లెక్కల_సుబ్బు:
సాకర్. ఇందులో ఆలోచించడానికేముంది? అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మూడు గంటల పైనే సాగుతుంది, అందులో బంతి నిజంగా ఆడేది 11 నిమిషాలు. 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్లు కూర్చుని లెక్కగట్టిన సంగతే ఇది. మిగతా సమయమంతా గుంపుగా చేరి గుసగుసలు, టీవీలో ట్రక్కుల ప్రకటనలు. పెద్దవాళ్లని తీసుకెళ్లి అది చూపిస్తారా?

కౌబాయ్_కిరణ్:
మళ్లీ మొదలైంది 11 నిమిషాల పాట. ఏ ఇద్దరు తెలుగువాళ్లు ఈ టాపిక్ ఎత్తినా ఇదే. సుబ్బు గారూ, ప్లేకీ ప్లేకీ మధ్య ఉండే 40 సెకన్లే అసలు ఆట. థర్డ్ డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి. అవతల సేఫ్టీ, అంటే అందరికన్నా వెనక ఉండే డిఫెండర్, మెల్లగా ముందుకి జరుగుతున్నాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అది పసిగట్టి, అప్పటికప్పుడు అరిచి ప్లే మార్చేస్తాడు. ఇది కనిపించనివాళ్లకి ఖాళీ సమయమే మరి. క్రికెట్‌లో బౌలర్ వెనక్కి నడుచుకుంటూ వెళ్తుంటే కెప్టెన్ ఒక ఫీల్డర్ని డీప్‌కి పంపుతాడు, అది చూసి మనం షార్ట్ బాల్ వస్తుందని ఊహిస్తాం. టెస్ట్ మ్యాచ్‌లో బంతి కదిలే నిమిషాలు ఎప్పుడైనా లెక్కగట్టారా? క్రికెట్ ప్రాణం అన్నారు కాబట్టి వాళ్ల నాన్నగారికి ఇదే ఎక్కుతుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు, అంతే రూలు.

లెక్కల_సుబ్బు:
అంతే రూలట! టెస్ట్ మ్యాచ్‌లో వికెట్ పడ్డాక ఇన్సూరెన్స్ ప్రకటనలోని బల్లి వచ్చి ఇంగ్లిష్‌లో మాట్లాడదు కదా. బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ కొడతారు, ప్రకటన. ఎక్స్‌ట్రా పాయింట్ తన్నుతారు, ప్రకటన. కిక్‌ఆఫ్ అవుతుంది, మళ్లీ ప్రకటన. స్టేడియంలో ఇంకా ఘోరం. టీవీ బ్రేక్ అయ్యేదాకా మైదానం అంచున ఒకాయన అంకెల గడియారం పట్టుకుని నిలబడతాడు. 60 వేలమంది, 22 మంది ఆటగాళ్లు, అందరూ ఆయన చేతిలో గడియారం సున్నాకి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. నేను డిసెంబరు చలిలో బయట స్టేడియంలో కూర్చుని చూశాను. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని మరీ ప్రకటనలు అయ్యేదాకా వణికాను.

రిఫరీ_రాజు:
ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుంది, నేను ఇక్కడ లైసెన్స్ ఉన్న యూత్ సాకర్ రిఫరీని. సాకర్‌లో 90 నిమిషాలూ ఆటే అనుకోకండి. పెద్ద లీగుల్లో కూడా బంతి ఆటలో ఉండేది 55 నుంచి 60 నిమిషాలు. త్రో ఇన్లు, గోల్ కిక్కులు, ఫ్రీ కిక్‌కి అడ్డంగా గోడ కట్టడాలు, దొర్లడాలు మిగతావి తినేస్తాయి. అందుకే 2022లో ఖతర్ వరల్డ్ కప్‌లో అదనపు సమయం గట్టిగా కలిపారు. ఇంగ్లండ్-ఇరాన్ మ్యాచ్‌లో గోలీకి తల దెబ్బ తగిలితే మొదటి సగానికే 14 నిమిషాలు.

ఇంకోటి. మన తల్లిదండ్రుల సంగతి కూడా రాయాలి. మొన్న అండర్-12 మ్యాచ్‌లో ఆఫ్‌సైడ్ ఇచ్చాను. గీత దగ్గర కుర్చీ వేసుకున్న ఒక తండ్రి "వీడికి కళ్లు కనపడవా, ఎవడు పెట్టాడు వీణ్ణి" అని పక్కాయనతో తెలుగులో అంటున్నాడు. నా ఎండ టోపీ, నల్లద్దాలు చూసి మెక్సికన్ అనుకున్నాడేమో. దగ్గరికెళ్లి "బంతి తన్నినప్పుడు మీవాడు చివరి నుంచి రెండో డిఫెండర్ని దాటేశాడండీ" అన్నాను. మ్యాచ్ అయ్యేదాకా మళ్లీ నోరెత్తలేదు.

కౌబాయ్_కిరణ్:
రాజు గారూ సూపర్. సుబ్బు గారికి ఇంకో శుభవార్త. ఈ వరల్డ్ కప్‌లో ప్రతి సగంలోనూ మధ్యలో మూడు నిమిషాల నీళ్ల విరామం పెట్టారు. ఎండ ఉన్నా లేకున్నా, పైకప్పు మూసి ఏసీ వేసిన స్టేడియం అయినా సరే. అంటే మీ సాకర్‌కి కూడా నాలుగు క్వార్టర్లు వచ్చేశాయి. బల్లి అక్కడికీ వస్తుంది, కాచుకోండి.

లెక్కల_సుబ్బు:
అది అమెరికా వాళ్ల పైత్యం, ఆట తప్పు కాదు.

అట్లాంటా_ఏడుపు:
నిమిషాల లెక్కలు మానేయండి సార్. 2017 ఫిబ్రవరి, సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ఫైనల్. మూడో క్వార్టర్లో మా ఫాల్కన్స్ 28, పేట్రియట్స్ 3. అపార్ట్‌మెంట్లో అందరం అప్పటికే లేచి ఫొటోలు దిగుతున్నాం. ఆ తర్వాత వరసగా 31 పాయింట్లు ఇచ్చుకుని 34-28తో ఓడిపోయాం. సూపర్ బౌల్ చరిత్రలోనే ఓవర్‌టైమ్‌కి వెళ్లిన మొదటి మ్యాచ్. అప్పటి రూలు ప్రకారం టాస్ గెలిచినవాళ్లు టచ్‌డౌన్ కొట్టేస్తే ఖతం, మావాళ్లు బంతి ముట్టుకోనేలేదు. ప్లేఆఫ్స్‌లో ఆ రూలు 2022లో మార్చారు, ఎవడికి కావాలి? ఇప్పటికీ ఆఫీసులో ఎవరి కోడ్ రివ్యూలో అయినా 28వ లైను, 3వ లైను వస్తే ఒక నవ్వు నవ్వుతారు. ఆట గొప్పదే. చూసేవాడి గుండె గొప్పదై ఉండాలి.

మిలన్_మూర్తి:
3-0 నుంచి 3-3. ఇస్తాంబుల్, 2005, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, లివర్‌పూల్ చేతిలో మా మిలన్. రండి బ్రదర్, కలిసి ఏడుద్దాం.

జెర్సీ_పద్మ:
నేను నర్సుని. ఎవరూ మాట్లాడని విషయం చెప్తాను. 2023 జనవరి 2న సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఒక టాకిల్ చేసి, లేచి నిలబడి, వెల్లకిలా పడిపోయాడు. గుండె ఆగిపోయింది. మైదానంలోనే సీపీఆర్ చేశారు. సహచరులు చుట్టూ గోడలా నిలబడి కెమెరాలకి కనపడకుండా కాపాడారు, ఏడుస్తూనే. మా పిల్లలు టీవీ ముందే ఉన్నారు. అతను బతికి మళ్లీ ఆడాడు, సంతోషం. కానీ తలకి ఏళ్లతరబడి తగిలే దెబ్బల సంగతి? వాటివల్ల వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు ఖాయమయ్యేది చనిపోయాక మెదడు పరీక్ష చేస్తేనే. మావాడు హైస్కూల్ జట్టులో చేరతానంటే కుదరదన్నాను. ఇప్పుడు అది వినోదం అని ఎవరైనా అంటే నాకు చూడబుద్ధి కాదు.

కౌబాయ్_కిరణ్:
అక్కా, గౌరవంతోనే అంటున్నాను. సాకర్‌లో తలతో కొట్టట్లేదా? పదేళ్లలోపు పిల్లలు హెడర్ కొట్టకూడదని అమెరికా సాకర్ వాళ్లే ఎప్పుడో రూలు పెట్టారు. కాకపోతే మీ ఆటలో నిజంగా దెబ్బ తగిలినవాడెవడో, గాలి తగిలి పడినవాడెవడో తెలీదు. 2018 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ ఆటగాడు నేమార్ ఎన్ని మొగ్గలు వేశాడో ప్రపంచమంతా చూసింది. దెబ్బలంటే అంత భయమైతే మీవాణ్ణి చెస్‌లో చేర్పించండి.

జెర్సీ_పద్మ:
మీరు మా అబ్బాయి గురించి మాట్లాడకండి. ఎమర్జెన్సీ వార్డులో శుక్రవారం రాత్రి ఒక్క షిఫ్ట్ చేసి, అప్పుడు చెస్ సలహా ఇవ్వండి.

రిఫరీ_రాజు:
నాటకానికి పసుపు కార్డు చూపించవచ్చని రూల్లోనే ఉంది. రిఫరీలకి ధైర్యం కావాలి, అంతే.

నిర్వాహకుడు:
పిల్లల జోలికి వెళ్లిన మరో రెండు పోస్టులు తీసేశాను. ఇంకోసారి అలా రాస్తే వారం నిషేధం.

బొల్లారం_బాబాయ్:
పొద్దున్నుంచి చదువుతున్నాను. సాకర్ అంటే ఏదో నెదర్లాండ్స్ నుంచి దిగుమతైన సరుకు అన్నట్టు రాస్తున్నారే! అది హైదరాబాద్ ఆట. రహీం సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం సెమీఫైనల్ ఆడింది, ఆసియాలో అంతవరకూ ఎవరూ వెళ్లలేదు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. ఆ జట్టులో బలరాం మా సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు. మా నాన్న లాల్ బహదూర్ స్టేడియంలో మ్యాచ్‌కి వెళ్తే ఇంట్లో ఎవరూ అన్నానికి ఎదురుచూసేవాళ్లు కాదు.

గత డిసెంబరులో మెస్సీ ఉప్పల్ వచ్చాడు, వేలు పోసి వెళ్లారు. వెళ్లినవాళ్లలో రహీం పేరు విన్నవాళ్లెందరు? 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ గెలిచిన హైదరాబాద్ జట్టు ఇప్పుడు ఢిల్లీకి మకాం మార్చేసింది. దానికెవరైనా ఒక్క పోస్టు పెట్టారా?

కోఠి_కుర్రోడు:
బాబాయ్, మెల్‌బోర్న్‌లో మనవాళ్లు బూట్లు లేకుండా ఆడారు కదా, అందుకే ఓడిపోయారని చిన్నప్పుడు మా సార్ చెప్పారు.

బొల్లారం_బాబాయ్:
మీ సార్‌ని నా దగ్గరికి పంపు. వట్టి కాళ్లతో ఆడింది 1948 లండన్‌లో, ఫ్రాన్స్ మీద. అది కూడా రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడాం. 1952 హెల్సింకిలో ఎక్కువమంది బూట్లు వేసుకోలేదు, యుగోస్లావియా 10-1తో కొట్టింది. మెల్‌బోర్న్‌లో బూట్లు వేసుకునే ఆస్ట్రేలియాకి నాలుగు గోల్స్ పెట్టాం, డిసౌజా హ్యాట్రిక్. వాట్సాప్ చరిత్ర చదవొద్దు.

విశాఖ_నైట్‌షిఫ్ట్:
మీకు టికెట్ గొడవ, మాకు నిద్ర గొడవ. సూపర్ బౌల్ అంటే మాకు సోమవారం తెల్లవారుజామున ఐదు. మా క్లయింట్ మేనేజర్ ఆ రోజు మీటింగ్ ఆట గురించే మొదలుపెడతాడు, అందుకని నేర్చుకున్నాను. చెప్పకూడదు గానీ, ఇప్పుడు క్లయింట్ లేకపోయినా చూస్తున్నాను. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలు, చేతిలో గడియారం ఆపే టైమౌట్లు ఎన్ని ఉన్నాయో లెక్క. ఆఖరి ఓవర్లో 14 కావాలన్నప్పుడు ఉండే టెన్షనే. సాకర్ ఏ నిమిషంలో ఏమవుతుందో తెలీదు, టీకి లేచామా, గోల్ పోయింది.

సోఫా_సత్యం:
అసలు ప్రశ్న స్టేడియం గురించి కదా. నా అనుభవంలో అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ కోసం పుట్టింది. ఫస్ట్ డౌన్‌కి, అంటే ఆ పది గజాలకి, ఎక్కడిదాకా వెళ్లాలో చూపించే పసుపు గీత 1998లో టీవీలోకి వచ్చింది, మైదానంలో మాత్రం ఉండదు. కొత్తవాళ్లకి ఆ గీత లేకపోతే ఏమీ బోధపడదు. ఆర్లింగ్టన్‌లో అయితే తల పైన 160 అడుగుల స్క్రీన్ ఉంటుంది, జనం కింద ఆటగాళ్లని వదిలేసి దాన్నే చూస్తారు. 2009లో స్టేడియం కొత్తలో ఒక పంటర్ తన్నిన బంతి వెళ్లి దానికే తగిలింది.

సాకర్ దీనికి తలకిందులు. టీవీ కెమెరా బంతి వెనకే పోతుంది. పైన కూర్చుంటే మెస్సీ ఎందుకు నడుస్తున్నాడో అర్థమవుతుంది. నడుస్తూ నడుస్తూ తల తిప్పి చూస్తాడు, మళ్లీ చూస్తాడు, డిఫెండర్ అతన్ని మరిచిపోయిన క్షణంలో ఖాళీలోకి జారుకుంటాడు. బంతి వచ్చేసరికే అక్కడ ఉంటాడు. ఇంట్లో సోఫాలో ఇది ఎన్నేళ్లు చూసినా కనపడలేదు నాకు.

కౌబాయ్_కిరణ్:
సత్యం గారూ, పైన కూర్చుంటే ఫుట్‌బాల్‌లో కూడా 22 మందీ కనిపిస్తారు. టీవీలో వెనకున్న సేఫ్టీలు కనపడరు. మీరు స్క్రీన్ చూస్తూ కూర్చుంటే స్టేడియం ఏం చేస్తుంది?

అలెన్_అమ్మ:
నాకు రూల్స్ తెలీవు, తెలుసుకోను కూడా. మా అమ్మాయి హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్. శుక్రవారం రాత్రి మేం వెళ్లేది హాఫ్ టైమ్ కోసం. ఆగస్టు ఎండలో తారు మీద పిల్లలు ఒక్కొక్క అడుగు లెక్కపెట్టుకుంటూ ప్రాక్టీస్ చేస్తారు. మా అలెన్ ఊళ్లో హైస్కూల్ స్టేడియం 18 వేల సీట్లు, దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి 2012లో కట్టారు. బడికండీ, బడికి! రెండేళ్లకే కాంక్రీటు బీటలు వారి మూసేశారు, బాగుచేసి మళ్లీ తెరిచారు. పోయినేడు మా అత్తగారు వచ్చినప్పుడు తీసుకెళ్తే ఆట మొత్తం చీర్‌లీడర్లని చూసి "చలి వేయదా ఈ పిల్లలకి" అంటూనే ఉన్నారు. కానీ బ్యాండ్ రాగానే నిలబడి చప్పట్లు కొట్టారు. టికెట్ మీ ఆర్లింగ్టన్ పార్కింగ్ ఖర్చులో పదోవంతు ఉండదు. మీ అమ్మానాన్నలని సెప్టెంబరులో అక్కడికి తీసుకెళ్లండి.

తెనాలి_టు_టెక్సాస్:
అలెన్ గారూ, మంచి మాట చెప్పారు, రాసిపెట్టుకున్నాను. మెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పెరుగన్నం?

సోఫా_సత్యం:
టికెట్ కొనేటప్పుడే వికలాంగుల సీట్ల వరస అడిగి తీసుకోండి, తర్వాత మార్చడం నరకం. కౌబాయ్స్ మ్యాచ్‌కయితే సంచి పారదర్శకంగా ఉండాలి, 12, 6, 12 అంగుళాలు దాటకూడదు. లీగ్ రూల్ అది. డబ్బా సంగతి వెళ్లేముందు స్టేడియం సైట్లో చూసుకోండి. నన్నయితే ఒకచోట గేటు దగ్గరే పులిహోర తినేసి రమ్మన్నారు, ఇద్దరం నిలబడే తినేశాం.

లెక్కల_సుబ్బు:
కిరణ్, టెస్ట్ మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు. బంతికి ఆరేడు సెకన్లు వేసుకున్నా దాదాపు గంట. మీ 11 నిమిషాలకి ఐదింతలు.

కౌబాయ్_కిరణ్:
ఒక రోజంతా కూర్చుంటే గంట! మీరే ఒప్పుకున్నారు కదా సార్.

లెక్కల_సుబ్బు:
ఏం ఒప్పుకున్నాను? ముందు భాగహారం నేర్చుకుని రా.

కొత్త_సభ్యుడు_ఇర్వింగ్:
హాయ్ అందరికీ. జూన్ 27 జోర్డాన్-ఆర్జెంటీనా, ఎవరి దగ్గరైనా రెండు టికెట్లు మిగిలున్నాయా? అసలు ధరకే కావాలి.

బొల్లారం_బాబాయ్:
అసలు ధరకా! మెస్సీ మ్యాచా! నాకూ రెండు చూడు నాయనా.

నిర్వాహకుడు:
అమ్మకాలు, కొనుగోళ్లు ఇక్కడ కాదు, ప్రకటనల విభాగంలో పెట్టండి. సుబ్బు గారూ, కిరణ్ గారూ, మీ ఇద్దరికీ వేరే చర్చ తెరిచాను, అక్కడికి వెళ్లండి.