కంజీ కార్డులు గుట్టలా పేరుకుపోయాయి, మీరెలా నెట్టుకొస్తున్నారు?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్తే. డిసెంబర్ మొదటి ఆదివారం జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్‌3 రాయాలి, సెంటర్ చెన్నై. ఎన్‌5, ఎన్‌4 కింది మెట్లు, పెద్దగా టెన్షన్ లేకుండా గట్టెక్కాను. జపనీస్ అక్షరమాలలు హిరగానా, కటకానా అయితే మన గుణింతం చదివినట్టే అయిపోయాయి. చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాల దగ్గరే బండి కూరుకుపోయింది.

మార్చిలో అంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్ మొదలుపెట్టా. ఎవరో చేసిపెట్టిన డెక్ (కార్డుల కట్ట) దించుకున్నా, జపాన్ ప్రభుత్వం నిత్యవాడుకకని ఎంచిన జోయో కంజీలు మొత్తం 2,136. ఉత్సాహం కదా, రోజుకు 30 కొత్త కార్డులు పెట్టుకున్నా. మొదటి వారం హాయిగా ఉంది. మధ్యలో అక్క పెళ్లని తొమ్మిది రోజులు తెరవలేదు. తెరిచి చూస్తే 1,140 కార్డులు బాకీ! అప్పటి నుంచి ఆ అంకె కనిపించగానే యాప్ మూసేస్తున్నా.

రెండు ప్రశ్నలు. మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టనా? ఒకేలా ఉండే అక్షరాలను మీరెలా విడదీసి గుర్తుపెట్టుకుంటున్నారు? (కంజీలు టైప్ చేస్తే కొందరికి డబ్బాలు కనిపిస్తున్నాయట, దయచేసి తెలుగులోనే వర్ణించి చెప్పండి.)

గోదారి_గట్టు
చెరపొద్దు తమ్ముడూ. నేను జపాన్‌లోని కవాసకిలో ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ గుట్ట నాకూ రెండుసార్లు పేరుకుంది.

తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదు, లెక్కది. ఇవాళ చూసిన కొత్త కార్డు రేపు వస్తుంది, మూడు నాలుగు రోజులకు వస్తుంది, వారం పది రోజులకు మళ్లీ వస్తుంది. రోజుకు 20 కొత్తవి వేసుకుంటే కొన్ని వారాలకు రోజూ 150 నుంచి 200 పాతవి తిరగేయాల్సి వస్తుంది. నువ్వు 30 వేసుకున్నావు. వడ్డీ కట్టలేక మునిగావంతే.

ఇప్పుడు కొత్త కార్డులు సున్నా చెయ్యి. రోజుకు 100 పాతవి, అంతే. మిగతా అంకె వైపు చూడకు. నాకు అయిదు వారాల్లో బాకీ తీరింది.

ఇంకోటి, గుర్తు రాకపోతే ఏ బటన్ నొక్కుతున్నావు? మనసొప్పక "హార్డ్" నొక్కుతున్నావా? నేను నాలుగు నెలలు అదే చేశా. హార్డ్ అంటే కష్టపడితే గుర్తొచ్చిందని యాప్ అనుకుంటుంది, కార్డును ఇంకా దూరం జరుపుతుంది. రాకపోతే "ఎగైన్" నొక్కాల్సిందే, సిగ్గుపడకుండా. ఒకే కార్డు ఎనిమిది సార్లు తప్పితే దాన్ని జలగ అని గుర్తువేస్తుంది. జలగల్ని పక్కన పెట్టెయ్, అవి నెత్తురు తాగడానికే ఉన్నాయి.

కృష్ణలంక_కుర్రాడు
హార్డే నొక్కుతున్నా అన్నా 😭

పలకా_బలపం
నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకండి. బటన్ల గొడవ తర్వాత. అసలు ఆ డెక్కే దండగ. ముందువైపు ఒక్క కంజీ, వెనకవైపు అర్థం, ఓన్-యోమీలు (చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలు), కున్-యోమీలు (అచ్చ జపనీస్ ఉచ్చారణలు) అన్నీ వరసగా, ఇలాగే ఉంటుంది కదా? అలాంటి కార్డుకు సరైన జవాబేమిటో మనకే తెలియదు.

"బతుకు, పుట్టుక" కంజీనే తీసుకోండి. గకుసేయ్ (విద్యార్థి) అన్నప్పుడు సేయ్. ఇష్షో (జీవితకాలం) అన్నప్పుడు షో. నమబీరు (డ్రాఫ్ట్ బీరు) అన్నప్పుడు నమ, అంటే పచ్చిది. ఇంకా ఇకిరు (బతకడం), ఉమరేరు (పుట్టడం), హయేరు (మొలవడం). ఇవన్నీ ఒక్క కార్డు మీద బట్టీ పడితే హోటల్లో మెనూ చూసినప్పుడు ఏదీ నోటికి రాదు. ఆదివారం అనే నిచియోబిలో సూర్యుడి కంజీ రెండుసార్లు వస్తుంది. మొదట్లో నిచి, చివర్లో బి. ఒకే మాటలో, ఒకే అక్షరం! దీన్ని విడి కంజీగా నేర్చుకుని ఏం లాభం?

మాట కార్డు చేసుకోండి. ముందు మాట, వెనక ఉచ్చారణ, చిన్న వాక్యం. పరీక్షకు ఫలానా కంజీలే వస్తాయని అధికారిక జాబితా 2010 నుంచి లేనే లేదు. ఎన్‌3కి 650 అని నెట్‌లో తిరిగేది అంచనా మాత్రమే. 2,136 మోసుకుని చెన్నై వెళ్లాల్సిన పని లేదు.

చిబా_అక్క
పలకా గారి మాటే నాది కూడా. కాకపోతే నా దారి వేరు, నాకు యాప్ పడలేదు.

నేను చిబాలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తాను, ఎన్‌4తో వచ్చాను. డ్యూటీలో ఫోన్ బయటికి తీయనివ్వరు. అందుకని వంద యెన్‌ల షాపులో రింగుకు గుచ్చిన చిన్న కార్డుల కట్ట కొన్నాను. ఇక్కడి బడిపిల్లలు కూడా రైళ్లలో ఇవే తిప్పుతుంటారు. పన్నుతో కలిపి 110 యెన్‌లు. యాప్రాన్ జేబులో పడుతుంది.

డెక్ ఎవరూ ఇవ్వలేదు. రోజూ రికార్డు పుస్తకంలో చదవలేకపోయిన మాటే మర్నాటి కార్డు. మొదటి కార్డు "గొయెన్". మొదటి అక్షరం తప్పు, రెండోది మింగడం. తప్పుగా మింగడం, అంటే మన పొలమారడం! మన ఇంట్లో పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి నవ్వుకుంటాం. ఇక్కడ 90 ఏళ్ల మామ్మకు పొలమారితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. ఆ రెండు కంజీలు నేను ఈ జన్మలో మర్చిపోను. తర్వాతి కార్డు "జొకుసో", పడకపుండ్లు. ఇవి ఎన్‌3లో రావు, కానీ నాకు జీతం వీటి మీదే.

కట్టలో 60 దాటితే బాగా వచ్చినవి తీసి చెప్పుల డబ్బాలో వేస్తాను. ఆదివారాలు ఆ డబ్బా తిరగేస్తాను. తప్పినవి మళ్లీ రింగులోకి.

గోదారి_గట్టు
అక్కా, మీరు తెలియకుండానే లైట్నర్ పెట్టె కట్టారు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ తన పుస్తకంలో చెప్పింది దాదాపు ఇదే, ఆయన డబ్బాలో అరలు ఎక్కువ. వచ్చిన కార్డు తర్వాతి అరకు, తప్పింది మళ్లీ మొదటి అరకు. అంకి చేసేదీ ఆ పనే, లెక్క కంప్యూటర్ వేస్తుంది.

ఒంగోలు_గిత్త
తమ్ముడి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేనిస్తా, ఇది నా సొంత సరుకు.

ఎన్‌3 వాళ్లను ఏడిపించే గుంపు ఒకటుంది. కుడి పక్కన అందరికీ ఒకటే బొమ్మ, "తెర", అంటే గుడి. ఎడమ పక్కది ఒక్కటే మారుతుంది. జపాన్ వాళ్ల కథలు నాకు ఎక్కలేదు, గుడి అనగానే మనవే గుర్తొచ్చాయి.

గుడి పక్కన చెయ్యి ఉంటే మోత్సు, పట్టుకోవడం: దోసిట్లో ప్రసాదం. గుడి పక్కన ఆవు ఉంటే తొకుబెత్సులో తొకు, ప్రత్యేకం: శివాలయంలో నంది. అందరు దేవుళ్లకూ ఉండదుగా! సూర్యుడు ఉంటే తొకి, సమయం: పొద్దును బట్టి పూజలు. మాట ఉంటే షి, కవిత: అన్నమయ్య. మనిషి ఉంటే సమురాయ్: గుడి ముందు కర్ర పట్టుకుని నిలబడ్డవాడు.

ఇక అసలైనది. మనిషి గుర్తు మీద ఇంకో గీత చేర్చినట్టుండే "నడక" గుర్తు ఉంటే మత్సు, ఎదురుచూడటం. నడిచి కొండెక్కాక తిరుమలలో ఏం చేస్తాం? కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటాం 🙏

మోత్సుకీ మత్సుకీ రెండు నెలలు తికమకపడ్డా. ఈ క్యూ కథ కార్డు వెనక రాసుకున్నాక ఒక్కసారి కూడా తప్పలేదు.

కృష్ణలంక_కుర్రాడు
అన్నా దండం. నంది దగ్గర పడిపోయా. మీ ఐడీ కూడా కలిసొచ్చింది.

పలకా_బలపం
గిత్త గారి కథలు బాగున్నాయి. వాటికి ఒక ముక్క చేరుస్తా. ఆ గుడి అక్కడ ఊరికే లేదు, శబ్దం కోసం ఉంది. సమయం, పట్టుకోవడం, సమురాయ్ మూడింటికీ ఓన్-యోమి "జి", గుడిదీ అదే. కవితది "షి". ఎదురుచూపు "తయ్", ప్రత్యేకం "తొకు", ఈ రెండే దారి తప్పాయి.

ఇంతకన్నా బుద్ధిమంతుల కుటుంబం నీలం రంగుది. నీలానికి నీటి చుక్కలు చేరిస్తే స్వచ్ఛం, సూర్యుడు చేరిస్తే తేటపడ్డ ఆకాశం, మాట చేరిస్తే అర్థించడం, బియ్యం చేరిస్తే సారం. అన్నీ "సేయ్". కాబట్టి అర్థానికి గుడి కథ, శబ్దానికి పక్క బొమ్మ. రెండూ ఒకే కథలో ఇరికించకండి.

రాత్రిషిఫ్ట్_రాజు
చేత్తో రాయడం అవసరమా? పలక పట్టుకుని రోజూ గంట రాస్తున్నా, చెయ్యి పడిపోతోంది.

గోదారి_గట్టు
పరీక్షకు అక్కర్లేదు, అన్నీ గుర్తుపట్టి టిక్ పెట్టేవే. ఇక్కడికొచ్చాక వార్డు ఆఫీసులో నీ చిరునామా నువ్వు రాసుకోగలిగితే చాలు. నేను మాత్రం జలగల్ని పదేసి సార్లు రాస్తా. రాసినప్పుడే ఎక్కడ గీత తప్పుతోందో తెలుస్తుంది. గంట మాత్రం వద్దు రాజూ, ఆ గంట చదవడానికి పెట్టు. ఎన్‌3 పాస్‌కు 180కి 95 రావాలి, పైగా పదాలు-వ్యాకరణంలో, చదవడంలో, వినడంలో విడివిడిగా కనీసం 19 రావాలి. కార్డులు తిప్పడంలో పడి వినడం వదిలేసి పోగొట్టుకున్నవాళ్లను చూశా.

కృష్ణలంక_కుర్రాడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. పాత డెక్‌లో 400 మాత్రం ఉంచుకుని మిగతావి ఆపేశా. కొత్తవి రోజుకు 8, అన్నీ మాట కార్డులే, నేను చదివే పాఠంలోంచే. బాకీ ఇవాళ్టికి 212. ఎగైన్ నొక్కీ నొక్కీ బొటనవేలు అరిగింది.

ఒక్క జలగ వదలట్లేదు. ఇంటి కప్పు, దాని కింద ఆడమనిషి. అర్థం ఒకచోట శాంతి అంటుంది, ఇంకోచోట చవక అంటుంది. దీనికెవరైనా కథ చెప్పండి.

చిబా_అక్క
ఆడమనిషి ఇంట్లో ఉంటే శాంతి. అదే అక్షరంతో యసుయ్, చవక. నాకు కథ అవసరం పడలేదు తమ్ముడూ, ఒళ్లు మండింది, అంతే, మళ్లీ మర్చిపోలేదు.

ఒంగోలు_గిత్త
అక్కకు నా ఓటు. కార్డు వెనక "అక్కకు కోపం వచ్చింది" అని రాసుకో.