విదేశీ యాత్రలో ‘రోజు ఖర్చు’ అంటే ఏది? టికెట్లు కలిపి భాగించాలా, అక్కడ దిగాక పెట్టేదే లెక్కా?

విద్యాధరపురం టీచరు

అందరికీ నమస్కారం. 2025 దసరా సెలవుల్లో సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, మా అమ్మ. ఆరు రోజులు. రోజుకు ఎంతవుతుంది అని ఇంట్లో రెండు వారాలుగా ఒకటే వాదన. టూర్ల ఏజెంటు నలుగురికీ కలిపి రోజుకు 27 వేలు అన్నాడు. నిరుడు వెళ్లొచ్చిన మా తోడల్లుడు మాత్రం 48 వేలకు పైమాటే, చూసుకుని దిగు అంటున్నాడు. ఊరు అదే, రోజులు అవే, హోటలు కూడా ఇంచుమించు ఆ తరహాదే.

ఇంత తేడా ఎలా వచ్చిందా అని కాగితం మీద పెట్టి చూశాను. ఏజెంటు విమానం, వీసాలు, చెన్నై దాకా రైలు, ఇన్సూరెన్స్ పక్కన పెట్టాడు. అవి 1,30,000. తోడల్లుడు వాటినీ కలిపి ఆరుతో భాగించాడు. 27 వేల చొప్పున ఆరు రోజులకు 1,62,000. దానికి 1,30,000 కలిపితే 2,92,000. ఆరుతో భాగిస్తే 48,600 పైచిలుకు. అంటే ఇద్దరూ చెప్పింది ఒకటే మొత్తం! మరి ఇందులో రోజు ఖర్చు అని దేన్ని అనాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట పెన్షనరు

మాస్టారూ, నేను ట్రెజరీలో 31 ఏళ్లు బిల్లులు చూసి రిటైరయ్యాను. ఆఫీసు పని మీద ఊరెళ్లిన మనిషి బిల్లులో ప్రయాణపు ఛార్జీ ఒక గడిలో రాస్తాడు, దినభత్యం ఇంకో గడిలో రాస్తాడు. ఆ రెండూ ఎప్పుడూ కలపం. ఎందుకంటే టికెట్టు డబ్బు మీరు నాలుగు రోజులున్నా పది రోజులున్నా మారదు. మారేది తిండి, పడక, తిరుగుడు. రోజు ఖర్చు అంటే ఆ మారేదే.

రెండూ కలిపితే ఎంత మోసపోతామో మీ అంకెలతోనే చూడండి. ఆరు రోజులకు రోజుకు 48,600 పైన పడింది కదా. అదే పది రోజులుంటే 2,70,000కి 1,30,000 కలిపి 4,00,000. పదితో భాగిస్తే 40 వేలు. “చూశావా, రోజుకు ఎనిమిదిన్నర వేలు తగ్గింది, ఇంకో నాలుగు రోజులు ఉందాం” అనిపిస్తుంది. కానీ జేబులోంచి 1,08,000 ఎక్కువ పోయింది. మా బంధువుల్లో ఒకాయన సరిగ్గా ఇలాగే లెక్కేసుకుని సెలవు పొడిగించాడు. తిరిగొచ్చాక ఆ అప్పు తీరడానికి ఏడాది పట్టింది. ఏజెంటు చెప్పిన 27 వేలే మీ రోజు ఖర్చు.

మిర్చి యార్డు

పెన్షనరు గారూ, మీరంటే గౌరవమే గానీ ఈ మాట మాత్రం ఒప్పుకోను. మాది గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం, మా నాన్న నాటి నుంచీ. బయటి రాష్ట్రం వ్యాపారి ఇక్కడికొచ్చి క్వింటా ధర ఒక్కటే చూసి సరుకు ఎత్తడు. కమీషను, హమాలీ, గోతాం, లారీ కిరాయి అన్నీ వేసుకుని, తన గోడౌన్‌లో దిగేసరికి క్వింటా ఎంత పడిందో చూస్తాడు. అదే అసలు ధర. లారీ కిరాయి వేరే గడిలో రాసుకున్నంత మాత్రాన ఆ డబ్బు ఇచ్చినట్టు కాదా?

ఊరు ఎంచుకునే ముందు ఈ లెక్క వెయ్యకపోతే దెబ్బ తింటారు. సింగపూర్ వీసాకు మనిషికి 30 సింగపూర్ డాలర్లు ఫీజు. వీసా రాకపోయినా అది వెనక్కి రాదు. మీ నలుగురికి 120 డాలర్లు, డాలరు 68 రూపాయలు వేసుకుంటే 8,160. పైన ఏజెంటు తీసుకునేది వేరు. మలేషియాకు 2026 చివరి దాకా మనకు వీసా అక్కర్లేదు. కానీ అక్కడ హోటల్లో విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను తీసుకుంటారు, రెండు గదులు ఐదు రాత్రులంటే 100 రింగిట్లు. అక్కడ దిగాక పెట్టేదే చూస్తే సింగపూర్‌ను మలేషియాతో ఎలా పోలుస్తారు? అన్నీ వేసి భాగించాల్సిందే. మీ తోడల్లుడు గారు చెప్పిందే కరెక్టు.

ఆడిటరు ఆఫీసు గుమాస్తా

ఒక్క విషయం మర్చిపోతున్నారు. ఏజెంటు దగ్గర విమానం, హోటలు కలిపి కొంటే దాన్ని ప్యాకేజీ అంటారు. దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. ఈ 2025-26 ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా 5 శాతం. మీ 2,92,000 మొత్తం ప్యాకేజీగా తీసుకుంటే 14,600. ఇది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుతారు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. అందుకని రోజు లెక్కలో కలపొద్దు, కానీ చేతిలో ఆ డబ్బు ఉండాలి. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ మాత్రం పోయినట్టే. బుకింగ్‌లో మీ పాన్ ఇవ్వండి. అమ్మగారి పాన్ ఇస్తే, ఆవిడ రిటర్న్ వెయ్యని మనిషైతే, ఆ డబ్బు కోసమే వెయ్యాల్సి వస్తుంది. విమానం టికెట్టు ఒకచోట, హోటలు ఇంకోచోట మీరే విడిగా కొనుక్కుంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

పటమట కోడలు

నేను ఈ ఏడాది వేసవిలో అత్తయ్య, మావయ్యగార్లతో సింగపూర్ వెళ్లొచ్చాను. ఇంటి ఖర్చుల పుస్తకం నేనే రాస్తాను, అక్కడ కూడా నేనే రాశాను. ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఇది టైప్ చేస్తున్నాను.

పెన్షనరు బాబాయి గారూ, యార్డు అన్నయ్య గారూ, మీరిద్దరూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. వెళ్లాలా వద్దా, ఏ ఊరికి వెళ్లాలి అన్నప్పుడు మొత్తం చూడాలి. అక్కడ వీధిలో నిలబడి ఇప్పుడు ట్యాక్సీ ఎక్కనా, మెట్రో ఎక్కనా అన్నప్పుడు చేతిలో ఆ రోజుకు ఎంత ఉందో చూడాలి. కానీ మీరిద్దరూ ఆరు రోజుల్నీ ఒకే రకం రోజులు అనుకుంటున్నారు. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

మా మొదటి రోజు చెబుతాను. చెన్నైలో రాత్రి విమానం ఎక్కి తెల్లవారుతూ దిగాం. హోటలుకు వెళ్తే గది మధ్యాహ్నం 3 గంటలకు ఇస్తామన్నారు. మావయ్యగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సామాను కింద పెట్టి, ఆ లాబీలో కుర్చీలో ఆయన తల వాల్చి నిద్రపోతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. ముందే గది ఇస్తారా అంటే ఇంకో రాత్రి డబ్బు కట్టమన్నారు. అది నా లెక్కలో లేదు. కట్టలేదు. ఏడు గంటలు అలాగే గడిపాం. ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే బాధేస్తుంది.

మాస్టారు గారూ, మీ ఏజెంటు చెప్పిన 27 వేలల్లో గదులకు ఎంత వేశాడో అడగండి. హోటలుకు రాత్రులు లెక్క, తిండికి పగళ్లు లెక్క. రాత్రి విమానంలో వెళ్లి ఆరో రోజు సాయంత్రం బయల్దేరితే ఐదు రాత్రులే.

తిండి సంగతి. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి ఉన్న కోమల విలాస్ ఉంది, శాకాహారం. పక్కనే టెక్కా సెంటరు ఉంది. ఇలాంటి హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే వాటిలో, సాధారణంగా బోర్డు మీద ఉన్న ధరే ఇస్తాం. ఏసీ రెస్టారెంట్లలో మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటాయి, అవి చూసుకోండి. మేం చూసుకోలేదు. మెనూ ప్రకారం 64 డాలర్లు తిన్నాం. సర్వీసు ఛార్జీ 10 శాతం, 6.40. ఆ మొత్తం మీద జీఎస్టీ 9 శాతం, 6.34. బిల్లు 76.74 డాలర్లు. 4,352 రూపాయల భోజనం అనుకున్నది 5,218 అయింది. నీళ్లకు మాత్రం రూపాయి పెట్టక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు. మేం రెండు రోజులు తెలియక సీసాలు కొన్నాం.

టికెట్టు రోజు వేరు, తిరుగుడు రోజు వేరు. సెంటోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ అనే వినోద పార్కుకు పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 80 డాలర్లకు పైనే అవుతుంది. ఆ రోజు ఏ సగటూ నిలబడదు. మర్నాడు మెర్లయన్ బొమ్మ, సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో లైట్ల షో చూశాం. ఇవన్నీ ఉచితమే. తిండి, మెట్రో తప్ప ఖర్చే లేదు. సగటు పెట్టుకుంటే టికెట్టు రోజున టెన్షన్, తిరుగుడు రోజున లెక్కలేనితనం. నేను పుస్తకంలో రోజుకో పేజీ పెట్టి, ఇంట్లోనే పైన ఆ రోజు మొత్తాన్ని డాలర్లలో రాసేశాను. ఆ పని చేసుకున్నాకే స్థిమితపడ్డాను.

డాలర్లలోనే ఎందుకంటే, మావయ్యగారు ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చేవారు. టీ డాలరున్నర. “వంద రూపాయలకు పైనా? బీసెంట్ రోడ్డులో పదిహేను” అని రెండు రోజులు టీ మానేశారు. మూడో రోజుకు తలనొప్పితో గదిలోంచి బయటికి రాలేదు. వాళ్లను అంత దూరం తీసుకెళ్లింది చూడమని కదా.

మంగళగిరి ఐటీ ఉద్యోగి

అక్కా, లెక్క బాగుంది కానీ కార్డు కోత మర్చిపోయారు. మామూలు కార్డు గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా మార్కప్, అంటే విదేశీ డబ్బులో కట్టినందుకు అదనపు రుసుము, వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నూటికి 4 రూపాయల 13 పైసలు. మీ 5,218 బిల్లు 5,430 దాటుతుంది. మార్కప్ లేని కార్డులు దొరుకుతున్నాయి, వెళ్లే ముందే తీసుకోండి. షాపులో మెషీన్ “రూపాయల్లో కడతారా, డాలర్లలోనా” అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది. మెట్రోలో మన కార్డు నేరుగా చూపించి ఎక్కొచ్చు, కాకపోతే విదేశీ కార్డుకు రోజుకు 60 సెంట్లు అదనం, ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి. ఇంకోటి, దిగే ముందు నింపాల్సిన అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, కట్టొద్దు.

బ్రాడీపేట పెన్షనరు

అమ్మాయీ, రోజులన్నీ ఒకటి కావన్నది ఒప్పుకుంటున్నాను. మా లెక్కల్లోనూ ఊరిని బట్టి భత్యం మారేది, రోజును బట్టి మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు. నోట్లు తీసుకెళ్దామనుకునే వాళ్లకు ఒక మాట. రూపాయి నోట్లు ఇచ్చి విదేశీ డబ్బు కొనాలంటే 50 వేల లోపే, అంతకు మించితే బ్యాంకు ద్వారానే కట్టాలి. కానీ యార్డు గారితో నా పేచీ అలాగే ఉంది. వెళ్లాలా వద్దా అనేదానికి మొత్తం చూస్తే చాలు, దాన్ని రోజులతో భాగించాల్సిన అవసరమే లేదు. భాగిస్తే పొడిగించాలనే బుద్ధి పుడుతుంది.

మిర్చి యార్డు

భాగించకపోతే ఆరు రోజుల సింగపూర్‌ను, ఎనిమిది రోజుల మలేషియాను ఎలా పోలుస్తారండీ? ఇంటికెళ్లి మీ అబ్బాయిని అడగండి, ఆయనా భాగిస్తాడు. ఇందులో నా మాట మారదు. పటమట అమ్మాయి చెప్పిన లాబీ సంగతి మాత్రం చదివి మా అమ్మ గుర్తొచ్చింది. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఆ గది డబ్బు ముందే వేసుకోండి మాస్టారూ, దాని దగ్గర మాత్రం బేరం వద్దు.

విద్యాధరపురం టీచరు

ఏజెంటుకు ఫోన్ చేశాను. రెండు గదులకు రాత్రికి 240 డాలర్లు వేశాడు, అంటే 16,320. 27 వేలల్లో మిగిలేది 10,680, అంటే నలుగురి తిండికీ, తిరుగుడుకూ, టికెట్లకూ 157 డాలర్లు. యూనివర్సల్ స్టూడియోస్ టికెట్లకే అది చాలదు. కానీ అతను గదుల్ని ఆరు రాత్రులకు కట్టాడు, మాకు కావలసింది ఐదే! ఆ ఆరో రాత్రి 16,320లో సగం పెట్టి మొదటి రోజు పొద్దున్నుంచే ఒక గది తీసుకుంటున్నాం. అమ్మ దిగగానే నడుం వాలుస్తుంది. మిగతా 8,160 టికెట్టు రోజుకు వేశాను. మొత్తం అదే 2,92,000.

యార్డు గారూ, మలేషియా లెక్క కూడా మొత్తం మీద వేసి చూశాను, తక్కువే వచ్చింది. కానీ పాప సింగపూర్ అని తన స్నేహితులందరికీ చెప్పేసింది, అది మార్చలేను. పెన్షనరు గారూ, ఆరు రోజులకు ఒక్క రోజు కూడా పెంచను.

రాత్రి పాపా నేనూ కూర్చుని ఆరు పేజీలకు గీతలు కొట్టాం, అన్నీ డాలర్లలోనే. పైన మొదటి వరుసలో పాప చేతే రాయించాను: నానమ్మ టీ, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, 3 డాలర్లు.