బ్రైటన్ శివారు ప్యాచమ్‌లో పది రోజులు: చూడదగినవి ఏమున్నాయి?

ప్రశ్న (నంగనల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో, ఊరికి ఉత్తరపు అంచున ఉన్న ప్యాచమ్ అనే పేటలో కాపురం ఉంటున్నారు. జూన్ మొదట్లో మేమిద్దరం పది రోజులు వాళ్ల దగ్గర ఉండి రావాలని అనుకుంటున్నాం. పగలంతా వాళ్లు ఉద్యోగాలకు వెళతారు కాబట్టి బస్సెక్కి మేమే తిరగాలి. సముద్రమూ, అందులోకి కట్టిన పియరు అనే వంతెనా చూడమని అందరూ చెబుతున్నారు గానీ, చిన్నప్పటి నుంచీ మెరీనా చూస్తూ పెరిగినవాళ్లం కనుక సముద్రం కోసమే అంత దూరం పోవాలని లేదు. ప్యాచమ్ చుట్టుపక్కల ఏం చూడవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పండి. మావారికి మోకాళ్ల నొప్పులు, ఎత్తు ఎక్కలేరు.

జవాబు (అన్నానగర్ నుంచి)

అమ్మా, మేము ఉద్యోగరీత్యా మూడేళ్లు బ్రైటన్‌లోనే ఉన్నాం. ప్యాచమ్‌లో దిగే మనవాళ్లు ముందుగా చూడవలసినది ఛత్రి అనే స్మారకమని నా అభిప్రాయం, కానీ అక్కడికి వెళ్లిన మనవాళ్లు చాలా తక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం రణరంగాల్లో గాయపడిన భారత సైనికులను ఓడల్లో తెచ్చి బ్రైటన్ ఆసుపత్రుల్లో ఉంచి వైద్యం చేసేవారు. వారిలో చనిపోయిన హిందువులను, సిక్కులను ప్యాచమ్ పైనున్న పచ్చిక కొండల మీదికి తీసుకువెళ్లి, వారి వారి ఆచారం ప్రకారం చితి పేర్చి దహనం చేసి, చితాభస్మాన్ని ఇంగ్లిష్ ఛానెల్‌లో కలిపారు. ముస్లిం సైనికులను ప్రసిద్ధమైన షాజహాన్ మసీదు ఉన్న వోకింగ్ ఊరి దగ్గర ఖననం చేశారు. చితులు కాలిన ఆ చోటనే తెల్లని పాలరాతితో, ఎనిమిది స్తంభాల మీద గుమ్మటంతో ఛత్రిని కట్టారు. 1921 ఫిబ్రవరి 1న అప్పటి వేల్స్ యువరాజు దానిని ఆవిష్కరించారు. దహనమైన 53 మంది పేర్లు చెక్కిన రాతి గోడను 2010లో పక్కనే నిలిపారు.

నేను మొదటిసారి వెళ్లిన రోజున అక్కడ గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ఆ పేర్లను ఒక్కొక్కటిగా పైకి చదివాను. అందులో మన ఇంటిపేర్లు కనబడలేదు, ఎక్కువమంది ఉత్తరాది రెజిమెంట్ల వారు. అయినా అంత దూరాన, ఇంటివాళ్లెవరూ దగ్గర లేకుండా కాలిన చితులు గుర్తుకొచ్చి చాలాసేపు కదలలేకపోయాను. ఏటా జూన్‌లో ఒక ఆదివారం అక్కడ స్మారక సభ జరుగుతుంది కనుక, తేదీ కుదిరితే తప్పక వెళ్లండి. ఒక్క ఇబ్బంది ఉంది. కారు పైదాకా వెళ్లదు, పొలాల మధ్య దారిలో ఎక్కుతూ నడవాలి. వాన కురిస్తే ఆ సుద్దనేల బాగా జారుతుంది.

జవాబు (పెరంబూరు నుంచి)

పై మిత్రులు చెప్పినదానికి కొనసాగింపుగా, ఎత్తు ఎక్కలేనివారు అదే చరిత్రను ఊరి నడుమ ఉన్న రాయల్ పెవిలియన్ అనే రాజభవనంలో చూడవచ్చునని మనవి. తరువాత ఇంగ్లండ్ రాజైన నాలుగో జార్జి కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1815 నుంచి 1822 వరకు దానికి ఇప్పటి రూపం ఇచ్చాడు. బయట మొఘలాయీ గుమ్మటాలు, మినార్లు, లోపల అంతా చైనా అలంకారం. మన చెన్నైలో సెనేట్ హౌస్, హైకోర్టు లేవడానికి దశాబ్దాల ముందే ఇంగ్లండ్ తీరాన ఈ గుమ్మటాలు వెలిశాయని తలచుకుంటే చరిత్ర బోధించిన నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. 1914 చివరి నుంచి 1916 ఆరంభం వరకు ఆ రాజభవనమే భారత సైనికుల ఆసుపత్రి. మతాచారాలకు, కులాచారాలకు భంగం కలగకుండా వేర్వేరు వంటశాలలు నడిపారు, నీటి కుళాయిలు కూడా విడివిడిగా పెట్టారు. మీర్ దస్త్ అనే జమేదారు హోదా సైనికాధికారికి అయిదో జార్జి చక్రవర్తి స్వయంగా విక్టోరియా క్రాస్ అనే శౌర్య పతకం అందించింది ఆ భవనపు తోటలోనే. దక్షిణ ద్వారం పేరు ఇండియా గేట్. అది కృతజ్ఞతగా భారతీయులు ఇచ్చిన కానుక, 1921లో పాటియాలా మహారాజు ఆవిష్కరించారు.

అక్కడికి దగ్గరలోని సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ సమాధి ఉంది. 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచిన ఆయన, తరువాత బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, ఒళ్లు మర్దనలతో పేరు తెచ్చుకుని రాజుగారికే మర్దన వైద్యుడయ్యాడు. 1851లో కన్నుమూశాడు. మొదట ఒళ్లు మర్దన అనే అర్థంలో వాడిన షాంపూ అన్న మాట ఆ దేశంలో అంతగా వాడుకలోకి రావడంలో ఆయన పాత్ర పెద్దది.

జవాబు (వేళచ్చేరి నుంచి)

మోకాళ్ల నొప్పి ఉన్న మా నాన్నగారిని వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో రాస్తున్నాను. మొదటి రోజు ప్యాచమ్‌లోనే ఆల్ సెయింట్స్ చర్చి చూడండి. లోపల గోడ మీద 13వ శతాబ్దం నాటి అంతిమ తీర్పు చిత్రం ఉంది, పక్కనే పాతకాలపు పావురాల గూడు. కొండల అందం చూడాలంటే డెవిల్స్ డైక్‌కు వెళ్లండి. ఊళ్లో నుంచి 77 నంబరు బస్సు కొండపైకే చేరుస్తుంది, ఎక్కే పని లేదు. మంచుయుగంలో కరుగునీరు కోసిన లోతైన లోయ అది, ఇప్పుడు ఏరు లేదు, పచ్చిక మాత్రమే. శని, ఆదివారాల్లో వెళ్లడం మేలు, మిగతా రోజుల్లో ఆ బస్సు అన్ని నెలల్లోనూ ఉండదు. జూన్ అయినా గాలి చెవులు అదరగొడుతుంది కాబట్టి ఉన్ని శాలువా తప్పనిసరి. చీకటి పడేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, తొందరపడనక్కరలేదు. ఒకవేళ సముద్రానికి వెళితే మెత్తటి ఇసుక ఉంటుందనుకోకండి, అంతా గులకరాళ్లే. మీవారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, గట్టి అడుగున్న బూట్లు వేయించండి.

ప్రశ్న అడిగినవారు (నంగనల్లూరు నుంచి)

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులు మావారికి చదివి వినిపించాను. తాను పెవిలియన్ తోటలో కూర్చుంటానని, ఛత్రికి మాత్రం నన్ను తప్పక వెళ్లమని అన్నారు. ఈ ఏడు స్మారక సభ ఏ ఆదివారమో కనుక్కోమని మా అల్లుడికి రాశాను. అది తెలిశాకే టిక్కెట్లు కొంటాం.