గోస్ట్స్ అన్ గోబ్లిన్స్ పోటీలో సేవ్ స్టేట్, రివైండ్ ఇవ్వొచ్చా?

పాలకొల్లు_పిక్సెల్:
సంక్రాంతికి ఊళ్ళో కుర్రాళ్ళకి పోటీ పెడుతున్నామండి. ఆట గోస్ట్స్ అన్ గోబ్లిన్స్. కాప్‌కామ్ 1985లో ఆర్కేడ్‌కి తెచ్చినదాని 1986 ఎన్‌ఈఎస్ (నింటెండో పాత గేమ్ పెట్టె) వెర్షన్, లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (ఆ పెట్టెలా నడిచే సాఫ్ట్‌వేర్) మీద. సేవ్ స్టేట్ అంటే ఆటని ఉన్నదున్నట్టు దాచుకుని మళ్ళీ అక్కణ్ణించే ఆడటం, రివైండ్ అంటే ఆటని కాస్త వెనక్కి తిప్పడం. రివైండ్ ఇవ్వకపోతే మొదటి స్మశానమే దాటలేరని సగం మంది, ఇస్తే ఇంక పోటీ ఎందుకని సగం మంది. ఏమంటారు?

లంకల_ఆర్థర్:
రివైండ్ వద్దండి. ఈ ఆటంతా గెంతులోనే ఉంది. కాలు లేచాక గాల్లో దిశ మారదు, కాబట్టి దెయ్యం ఎక్కడ లేస్తుందో చూసుకునే గెంతాలి. మొదటి దెబ్బకి కవచం, రెండో దెబ్బకి ప్రాణం. గెంతిన గెంతు వెనక్కి తీసుకోవచ్చంటే ఇక చూసుకునేదెవరు? పైగా ఎన్‌ఈఎస్‌లో కంటిన్యూలకి లెక్కే లేదు, స్టేజీ మధ్యలో చెక్‌పాయింటూ ఉంది. ఇంకా సాయమా?

కాకినాడ_కేసెట్:
పోటీలో వద్దంటే సరేనండి, సాధనలోనూ వద్దంటే ఒప్పుకోను. రెడ్ అరీమర్ అనే ఎగిరే ఎర్ర రాక్షసుణ్ణే తీసుకోండి. కదలకుండా కూర్చుంటాడు, దగ్గరికెళ్తే లేస్తాడు, ఈటె తప్పించుకుని పైకెళ్ళి ఏటవాలుగా మీదకి దిగుతాడు. వాడు దిగేటప్పుడు కిందనుంచి అవతలికి పరిగెత్తి, వెనక్కి తిరిగి కొట్టాలి. ఆ ఒక్క కదలిక చేతికి పట్టాలంటే అదే చోట వరసగా చెయ్యాలి. ప్రతిసారీ అంతదూరం నడిచొస్తే నేర్చుకునేది నడకే.
అయితే సేవ్ స్టేట్ దాచుకునే స్లాట్లు 2 పెట్టుకోమనండి. ఒకటి స్టేజీ మొదట్లో సేవ్ చేసి ముట్టుకోకూడదు, రెండోది సాధనకి. ఒకే స్లాట్ వాడేవాడు పొరపాటున కాగడా అనే ఆయుధం తగిలాక, టైమ్ అయిపోతుండగా సేవ్ కొట్టి ఇరుక్కుంటాడు. కాగడా ఎంత దండగంటే, విసిరినవి నేలమీద మండుతున్నంతసేపూ కొత్తవి వెంటవెంటనే విసరలేం.

తణుకు_డబ్బాటీవీ:
అసలు అన్యాయం రివైండ్‌లో లేదండీ బాబు, ల్యాగ్‌లో (బటన్ నొక్కినదానికీ తెరమీద కదలికకీ మధ్య ఆలస్యంలో) ఉంది. 60 హెర్ట్జ్‌లో (సెకనుకి 60 బొమ్మలు) ఒక ఫ్రేమ్, అంటే ఒక బొమ్మ, సుమారు 16.7 మిల్లీసెకన్లు. పెద్ద టీవీలో గేమ్ మోడ్ పెట్టకపోతే కొన్ని ఫ్రేములు అక్కడే పోతాయి. గెంతు ఆలస్యమైతే ఆ తప్పు కుర్రాడిది కాదు కదా.
ఎమ్యులేటర్ రెట్రోఆర్క్ అయితే ఇలా చూడండి: ఆటని పాజ్ చేసి, గెంతు బటన్ నొక్కిపట్టి, కీబోర్డులో ‘కే’తో ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరపండి. ఆటలో వీరుడు ఆర్థర్ రెండో ఫ్రేములో కదిలితే రన్-అహెడ్ (ఆట లోపలి ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) 1, మూడోదైతే 2. అంతకంటే ఎక్కువ పెడితే గెంతు మొదటి ఫ్రేములు మింగేసి బొమ్మ అదురుతుంది.

లంకల_ఆర్థర్:
దీనికంటే పాత గేమ్ పెట్టె, డబ్బా టీవీ తెచ్చి పెడితే పోలా?

తణుకు_డబ్బాటీవీ:
బజార్లో దొరికే నకిలీ పెట్టెలు చాలావరకు పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) టీవీల కోసం 50 హెర్ట్జ్‌లో నడిచేవి. ఆట వేగం ఆరింట అయిదు వంతులకి పడిపోతుంది. “కేసెట్‌లో సులువుగా ఉండేది” అనేవాళ్ళు నైపుణ్యం అనుకునేది సగం ఇదే. ఎమ్యులేటర్‌లో కూడా రీజియన్ ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ పద్ధతి) అని ఉందో లేదో చూడాలి. ఒకడికి 50, ఇంకొకడికి 60 అయితే స్కోర్లు పోల్చలేం.

కాకినాడ_కేసెట్:
పైగా మన ఉప్పుగాలికి కేసెట్ పిన్నులు పచ్చబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆరాకే పెట్టాలి. ఉప్పుకాగితం రుద్దితే పిన్నుల మీది పూత పోయి ఇంకా త్వరగా పాడవుతాయి.

పాలకొల్లు_పిక్సెల్:
అయితే ఇలా రాసుకుంటున్నానండి. అందరికీ ఒకే లాప్‌టాప్, ఒకే కంట్రోలర్, 60 హెర్ట్జ్. ముందురోజు సాధనకి సేవ్ స్టేట్ ఉంటుంది, పోటీలో మెనూ బటనే తీసేస్తాం. 30 నిమిషాల్లో ఎవరు ఎక్కువ దూరం వెళ్తే వాళ్ళే. ముగించినవాడుంటే సరేసరి.

లంకల_ఆర్థర్:
“ముగించడం” అంటే ఏంటో ముందే చెప్పండి. శిలువ అనే ఆయుధం (జపాన్ బయటి వెర్షన్‌లో డాలు) చేతిలో లేకుండా ఆరో స్టేజీ చివరికెళ్తే అయిదో స్టేజీకి తిప్పి పంపుతుంది. దారిలో ఇంకో ఆయుధం తగిలితే ఉన్నది పోతుంది. అన్నీ కుదిరి గెలిచినా ఇదంతా సాతాను పన్నిన మాయ అని చెప్పి మళ్ళీ మొదటి స్టేజీలో పడేస్తుంది. అసలు ముగింపు రెండోసారి గెలిస్తేనే.

కాకినాడ_కేసెట్:
30 నిమిషాల్లో రెండు చుట్లా? ఒక చుట్టు గెలిస్తే బహుమతి ఇచ్చెయ్యండి బాబూ.

లంకల_ఆర్థర్:
ఇవ్వండి, కానీ బోర్డు మీద “ముగించాడు” అని రాయొద్దు. “ఒక చుట్టు” అని రాయండి.